పొదుగువాపుకు కలబంద ముద్ద రాయొచ్చా?

సందేహం: మా గేదె ఈని ఇరవై రోజులైంది. నిన్న పొద్దుటి నుంచి పొదుగులో వెనక ఒక చన్ను వైపు గట్టిపడింది. ఆ చన్ను నుంచి పాలు పల్చగా, విరిగిన తునకలతో వస్తున్నాయి. మేత తింటోంది, నెమరు వేస్తోంది. కలబంద, పసుపు, సున్నం నూరి రాయమని ఒకరు, జిల్లేడు పాలు పూసి వేపపుల్లతో చన్ను రంధ్రం శుభ్రం చేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది చేయాలి?

సలహా: ముందు ఆ వేపపుల్ల పక్కన పడేయండి. చన్ను చివర రంధ్రం చుట్టూ ఉండే కండరం బిగుసుకుని ఉంటుంది కాబట్టే బయటి క్రిములు సులువుగా లోపలికి పోవు. పుల్ల గుచ్చితే ఆ కండరం చిరుగుతుంది, దాని మీది మురికి నేరుగా పొదుగులోకి చేరుతుంది. ఇలా పుల్లలు పెట్టి ఒక చన్ను పూర్తిగా పోగొట్టుకున్న గేదెలను చూశాను. జిల్లేడు పాలు కూడా వద్దు. చర్మం పొక్కుతుంది, దూడ నోట్లోకి పోవచ్చు, మీ కంట్లో పడితే మరీ ప్రమాదం.

కలబంద ముద్ద మాత్రం వాడదగ్గదే. మీ గేదె చురుగ్గా ఉంది, వాపు మొదలై ఒక రోజే అయింది కాబట్టి ఇప్పుడే రాయడం మొదలుపెట్టండి. 250 గ్రాముల కలబంద మట్టను ముళ్లు తీసి ముక్కలు చేసి, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం వేసి నూరండి. సున్నం నీళ్లలో చల్లారినదై ఉండాలి, కాల్చిన రాయి అలాగే వేస్తే చర్మం కాలుతుంది. ముద్ద ఎర్రగా మారితే కంగారు పడొద్దు, పసుపులోని కుర్కుమిన్ సున్నం తగిలితే ఆ రంగుకే వస్తుంది. గుప్పెడు ముద్దను గ్లాసుడు నీళ్లలో పల్చగా కలిపి, కడిగి తుడిచిన పొదుగంతా పూయండి. రోజుకు పది సార్లు, ఐదు రోజులు. రెండు పూటలు రాసి 'పని చేయలేదండీ' అనేవాళ్లే ఎక్కువ! ముద్ద ఏ రోజుకారోజు కొత్తగా నూరుకోవాలి.

అయితే పూత కంటే ముఖ్యమైన పని ఇంకోటుంది. జబ్బు చన్నును మూడు నాలుగు గంటలకోసారి పూర్తిగా పిండేయాలి. క్రిములు పెరిగేది ఆ నిలవ పాలలోనే. పిండే ముందు పూత కడిగేయండి. మంచి చన్నులు ముందు, జబ్బు చన్ను చివర, ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ పాలు పాకలో నేల మీద పిండొద్దు. గిన్నెలోకి తీసి, బ్లీచింగ్ పౌడర్ కలిపి దూరంగా గుంటలో పోయండి. మీరు తాగకూడదు, దూడకూ పట్టొద్దు. పాలు తీశాక అరగంట గేదెను పడుకోనివ్వకండి, ముందు మేత వేస్తే అదే నిలబడుతుంది. పిండిన వెంటనే చన్ను రంధ్రం ఇంకా తెరుచుకునే ఉంటుంది.

ఇంటి వైద్యం పనిచేస్తోందో లేదో చూడటానికి ఒక్క రోజే గడువు, వాపు తగ్గుతుంటేనే ఐదు రోజుల పూత పూర్తిచేయండి. ఈలోగా కూడా జ్వరం 103 డిగ్రీలు దాటినా, మేత మానేసినా, పాలలో రక్తం లేదా చీము కనిపించినా వెంటనే డాక్టరును పిలవండి. చన్ను చల్లబడి నీలంగా మారితే కొన్ని గంటల ఆలస్యం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అవేవీ లేకపోయినా రేపటికి గట్టిదనం తగ్గకపోతే కబురు పెట్టాల్సిందే. మందు మొదలుపెట్టకముందే పాల నమూనా ఇస్తే ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో పరీక్షలో తేలుతుంది. ఇంజక్షన్లు వేస్తే డాక్టరు చెప్పిన రోజుల దాకా మిగతా మూడు చన్నుల పాలు కూడా అమ్మొద్దు.

ఏమేం పూశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. చాలామంది 'ఏమీ రాయలేదండీ' అనేస్తారు, పొదుగు మీద పసుపు మరక మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.