‘బని’కి నాలుగు సంఖ్యలు ఎందుకు?

యువ మిత్రునికి,

జార్జియన్ అక్షరాల కంప్యూటర్ సంకేతాల గురించి మీరు పంపిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే ‘ఇంగ్లీషులో ఉన్నట్టే జార్జియన్‌లోనూ పెద్ద, చిన్న అక్షరాలున్నాయి, 2018లో యూనికోడ్ పెద్దవాటిని చేర్చింది’ అన్న వాక్యం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. మొదటి పేజీ అంతా ఆ లిపిని ద్రాక్ష తీగలతో పోల్చి వర్ణించిన మీరు, అసలు విషయం వచ్చేసరికి ఒక్క వాక్యంతో, అదీ తప్పుగా, దాటేశారు. లిపి మీద రాసేవారు ముందు దాని అందాన్ని పొగిడి తీరాలన్న ఆచారం ఎక్కడి నుంచి వచ్చిందో గాని, నాకు బొత్తిగా గిట్టదు.

యూనికోడ్ అంటే ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే కంప్యూటర్ ప్రమాణం. అది సంఖ్య ఇచ్చేది అక్షరం ఆకారాన్ని చూసి కాదు, జనం దాన్ని వాడే తీరును చూసి. ఇది బోధపడాలంటే ఒక్క అక్షరాన్ని పట్టుకుని చివరిదాకా వెంట నడవాలి. జార్జియన్ వర్ణమాలలో రెండో అక్షరం ‘బని’నే తీసుకోండి. యూనికోడ్‌లో దానికి దశాంశ పద్ధతిలో నాలుగు సంఖ్యలున్నాయి: ప్రాచీన శాసనాల్లో కనిపించే అసోమ్తవ్రులి రూపానికి 4257, చర్చి గ్రంథాల నుస్ఖురికి 11521, నేడు అందరూ రాసే మ్ఖేద్రులికి 4305, శీర్షికల మ్తవ్రులికి 7313. 2005లో 4.1 వెర్షన్ వచ్చేదాకా నుస్ఖురికి సొంత చోటు లేదు. మ్ఖేద్రులితో ఒకే సంఖ్యను పంచుకునేది, ఏ రూపం కనబడాలన్నది ఫాంటు చేతిలో ఉండేది. చర్చి పాఠాన్నీ దాని కింద నేటి వివరణనూ ఒకే పేజీలో ఉంచితే, ఫాంటు మారిన మరుక్షణం రెండింటి తేడా మాసిపోయేది.

మీరు చెప్పిన ఇంగ్లీషు తరహా జత అసోమ్తవ్రులి, నుస్ఖురిలకు చర్చి రాతల్లో ఉంది. మ్తవ్రులి దారి వేరు. మ్ఖేద్రులిలో కొన్ని అక్షరాలు పైకి లేస్తాయి, కొన్ని కిందికి దిగుతాయి. మ్తవ్రులిలో అన్నీ ఒకే ఎత్తున నిలబడతాయి. శీర్షికనో ఒక మాటనో మొత్తంగా అలా రాస్తారే తప్ప, వాక్యం తొలి అక్షరాన్ని మాత్రం అలా రాయరు. అందుకే 2018 నాటి 11.0 వెర్షన్ ప్రకారం మాట మొత్తాన్ని పెద్ద అక్షరాల్లోకి మార్చమంటే 4305 కాస్తా 7313 అవుతుంది గాని, తొలి అక్షరాన్ని మాత్రమే పెద్దది చేయమంటే 4305గానే ఉండిపోతుంది. శీర్షికలను తనంతట తానే పెద్ద అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉన్నచోట, ఈ కొత్త రూపాలు లేని ఫాంట్లలో జార్జియన్ శీర్షికలు ఖాళీ గళ్లుగా మిగిలాయి. చెప్పవలసిన కథ ఇదీ.

ఇలాంటి సంఖ్యలు కనబడితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని ఒక సంపాదకుడు నా తొలి వ్యాసంలో వాటన్నిటినీ కొట్టేశారు. పైగా నేను యూనికోడ్‌లో పంపినదాన్ని తమ పాత ఫాంటులోకి మార్చినప్పుడు నా బండి ఱలన్నీ మామూలు రలై అచ్చయ్యాయి. అడిగితే అర్థం మారలేదు కదా అన్నారు. జార్జియాలోనూ అకాద్‌నుస్‌ఖ్ వంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తమ అక్షరాల బొమ్మలను కూర్చేవి. ఆ ఫైలును వేరే ఫాంటులో తెరిస్తే ‘బని’ ఉన్నచోట ఇంగ్లీషు ‘బి’ కనబడుతుంది. మన డీటీపీ కష్టాలు చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

‘చచ్చిపోయిన అక్షరాలు’ అన్న ఉపశీర్షిక కూడా తీసేయండి. జార్జియన్ రచయిత ఇలియా చవ్‌చవాద్జే తదితరులు 1879లో స్థాపించిన అక్షరాస్యతా వ్యాప్తి సంఘం ఐదు అక్షరాలను తొలగించగా నేటి జార్జియన్‌కు 33 మిగిలిన మాట నిజమే. కానీ ఆ ఐదింటిలో ఒకటైన ‘హార్’ను, అంటే 4340ని, కాకసస్ కొండల్లోని స్వాన్ భాషను రాసేటప్పుడు ఇప్పటికీ వాడతారు. తక్కిన నాలుగింటికీ సంఖ్యలు వేసి, ఏది ఎక్కడ వాడుకలో ఉందో వెతికి, ఆ భాగం తిరగరాసి పంపండి. ఏ పత్రికకు పంపాలన్నది అప్పుడు చూద్దాం.