సౌండ్ రాకపోతే ఫార్మాట్ కొట్టించాలా?

"లినక్స్ మింట్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన డెస్క్‌టాప్‌లో ఉన్నట్టుండి సౌండ్ పోయింది, మళ్ళీ విండోస్ వేయించుకోవాలా?" అని అడిగారు. వద్దండీ. మా కడపలో ఏ షాపుకు పోయినా ముందు వినబడే మాట ఫార్మాట్. మౌస్ కదలకపోయినా ఫార్మాటే.

మా చిన్నాయన రిటైరైన టీచరు. ఆయన పాత సిస్టమ్‌కు మింట్ వేసిచ్చింది నేనే. పొద్దున్నే అన్నమయ్య కీర్తనలు పెట్టుకోనిదే ఆయనకు కాఫీ దిగదు. ఒకరోజు ఫోన్ చేసి "ఏంరా అబ్బీ, బొమ్మ వస్తాంది, మాట రాలేదు" అన్నాడు. నేను పోయేలోపే ఒక షాపు అబ్బాయి వచ్చి "లినక్స్‌కు డ్రైవర్లు దొరకవు సార్, మదర్‌బోర్డు కూడా డౌటే" అని చెప్పి పోయాడంట. సౌండ్ కార్డును నడిపే ఆ డ్రైవర్ సాఫ్ట్‌వేరే లేకపోతే నిన్నటిదాకా ఎట్లా మోగిందో అడిగేవాళ్ళు లేరు.

టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే నల్ల తెర, తెరిచి ఆల్సామిక్సర్ అని కొట్టాను. సౌండ్ ఎంతుందో గీతల్లో చూపించే ప్రోగ్రాం అది. మొదట ఒకట్రెండు గీతలే కనబడతాయి, అంతేనని మూసేయొద్దు. ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డును ఎంచుకుంటేనే మిగతావి బయటపడతాయి. గీత కింద ఎంఎం అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు. ఎం నొక్కితే ఓఓ అవుతుంది. చిన్నాయన దాంట్లో అన్నీ ఓఓలే. కుడి బాణం నొక్కుకుంటూ చివరికి పోతే ఆటో మ్యూట్ మోడ్, ఎనేబుల్డ్! ముందున్న జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టగానే వెనక స్పీకర్ల నోరు మూయించే ఏర్పాటది. ఇంట్లో హెడ్‌ఫోనే లేదు. టార్చి వేసి చూస్తే జాక్ నిండా దుమ్ము, లోపలి రేకు వంగిపోయి ఉంది. పిన్ను ఇంకా దాంట్లోనే ఉందని సిస్టమ్ భ్రమ.

కింది బాణంతో డిసేబుల్డ్ చేసి స్పీకర్ టెస్ట్ పెడితే, "ఫ్రంట్ లెఫ్ట్" అని ఇంగ్లీషు గొంతు గట్టిగా పలికింది. "ఎవరబ్బా ఇంట్లోకి వచ్చింది?" అని చిన్నమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది.

నా కోపం షాపులమీదే కాదు. మింట్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఈ ఆటో మ్యూట్ ఊసే ఉండదు. పెద్దాయనలకు నల్ల తెర తెరిచి బాణాలు నొక్కమంటే ఎట్లా? పైగా నెట్‌లో ఎవరో "పల్స్ ఆడియో తీసేసి మళ్ళీ వేయి" అని రాస్తారు, దాన్ని కాపీ కొట్టి డెస్క్‌టాపే పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. 2024లో వచ్చిన మింట్ 22 నుంచి సౌండ్ నడిపే పని పల్స్ ఆడియోది కాదు, పైప్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్‌ది. పాత సలహాలు దానికి అతకవు.

మీరు ఈమధ్య మానిటర్ మార్చి ఉంటే మాత్రం ముందు సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ చూడండి. సౌండ్ మానిటర్‌కు పోయే హెచ్‌డీఎంఐ కేబుల్‌కు మారి ఉండొచ్చు, స్పీకర్లు లేని మానిటర్‌కైనా సరే సిస్టమ్ పంపేయొచ్చు. ఆటో మ్యూటే అయితే మార్చాక టెర్మినల్‌లో సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్ కొట్టి ఆ మార్పును సేవ్ చేయండి, లేకపోతే రీస్టార్ట్ తర్వాత మళ్ళీ మొదటికి రావచ్చు.