రమలంలో రమ లేదు

సందేహం: ఒక పంచాంగం వెనక అట్ట మీద 'రమల ప్రశ్న చెప్పబడును' అన్న ప్రకటన చూశాను. రమ అంటే లక్ష్మి కనుక ఇది ధనయోగం చెప్పే శాస్త్రమని మా పురోహితులు అన్నారు. ఇంకోచోట 'రమళ' అని ఉంది. ఏది సరి? ఓ అనువాదంలో 'భూశకునం' అన్నది కూడా ఇదేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: లక్ష్మికీ దీనికీ చుట్టరికం లేదమ్మా. అరబ్బీలో 'రమ్ల్' అంటే ఇసుక. ఇసుకలో చుక్కలు పొడిచి ఫలం చెప్పే విద్యకు అదే పేరు, చెప్పేవాడు రమ్మాల్. మన జ్యోతిష్కులు దాన్ని రమలం చేసుకున్నారు. గ్రహాల కలయికను చెప్పే 'ఇత్తిసాల్'ను ఇత్థశాలగా మార్చి, అరబ్బీ-పారశీకుల నుంచి వచ్చిన తాజిక జ్యోతిషంలో కలుపుకున్నవారికి ఇదొక లెక్కా? 'రమ్' ధాతువు నుంచి సాధిస్తామంటే సూత్రాలు దొరుకుతాయి. పదం పుట్టింది మాత్రం అక్కడ కాదు.

పద్ధతి తెలిస్తేనే పేర్లలో రుచి తెలుస్తుంది. ఇసుక పరిచి కాస్త తడపాలి. ఎండు ఇసుకలో గుంట వెంటనే పూడిపోతుంది. లెక్కపెట్టకుండా 16 వరసల చుక్కలు పొడవాలి. లెక్కపెడుతూ పొడిస్తే ఫలం మన చేతిలోనిదే అయిపోతుంది. ఒక్కో వరసలో రెండేసి కొట్టేస్తూ పోతే చివర ఒకటో రెండో మిగులుతాయి: 13 పొడిస్తే ఒకటి, 14 పొడిస్తే రెండు. అలాంటి నాలుగు వరసలు ఒక 'షకల్', అంటే ఆకారం. (మన శకలం వేరు, అది ముక్క.) మొదటి నాలుగు షకళ్ళు తల్లులు. తల్లుల తలవరసలను వరుసగా కిందికి పేరిస్తే మొదటి కూతురు, రెండో వరసలను పేరిస్తే రెండో కూతురు, అలా నలుగురు. తరవాత జంటజంటగా కూడాలి. వరస మొత్తం బేసి అయితే ఒక చుక్క, సరి అయితే రెండు. ఎనిమిదిలోంచి నాలుగు, నాలుగులోంచి రెండు, రెండులోంచి ఒకటి. ఆ పదిహేనోదే మీజాన్, త్రాసు. తల్లుల చుక్కలే కూతుళ్ళలో అడ్డం తిరిగి మళ్ళీ లెక్కకొస్తాయి కనుక మీజాన్‌లో చుక్కలు ఎప్పుడూ సరిసంఖ్యే. బేసి వచ్చిందా, ఎక్కడో కూడిక తప్పింది. ఉర్దూ పద్దుల్లో మొత్తాన్ని మీజాన్ అనడం ఊరికే కాదు.

ఇక అసలు రుచి. పై నుంచి రెండు, ఒకటి, రెండు, ఒకటి చుక్కలున్న షకల్ 'కబ్జుల్ దాఖిల్', అంటే పట్టు లోపలికి. లాభం. తిరగేస్తే 'కబ్జుల్ ఖారిజ్', పట్టు బయటికి. నష్టం. ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేవూ? కబ్జా, దాఖలు, ఖారిజ్ ఖాతా! రమ్మాల్ ఇసుకలో చూసిన మాటలే మన తహసీల్దారు కచేరీలో కూర్చున్నాయి. అన్నీ రెండు చుక్కలుంటే 'జమాత్', గుంపు. మన జమ, జమాబందీ ఆ ధాతువు పిల్లలే. అన్నీ ఒక్కొక్కటే అయితే 'తరీఖ్', దారి. దీన్ని తారీఖుతో కలపకండి, ఆ మాట అరబ్బీలో వేరే అక్షరాలతో రాస్తారు.

కబ్జా అంటే చేతి పట్టు, స్వాధీనం, అంతే. న్యాయంగా అనుభవిస్తున్నవాడూ కబ్జాదారే. పత్రికలవారి పుణ్యమా అని ఇప్పుడు అది ఆక్రమణకే పరిమితమైంది. 'అక్రమ కబ్జా' అని రాస్తే కనీసం మాట బతికేది. యూనానీ వైద్యుడి దగ్గర ఇదే ధాతువు మలబద్ధకం!



'రమళ' మాటకొస్తే, మూలంలో ఉన్నది ల. అయితే నలుడిని నళుడన్న నోళ్ళు మనవి, అందుకని తప్పని కొట్టెయ్యను. నేను మాత్రం రమలమనే రాస్తాను. 'భూశకునం' అన్నది ఇంగ్లీషువారు 'జియోమన్సీ' అనే గ్రీకు మాటను ముక్కకు ముక్క దించిన పని. శకునం దానంతటది ఎదురవుతుంది, ఇక్కడ మనం పొడిచి రాబడతాం. పైగా ఇంగ్లీషులో ఆ మాటను చీనావారి ఫెంగ్ షూయికీ వాడతారు కనుక పాఠకుడు వాస్తు అనుకునే ప్రమాదముంది. 'ఇసుక ప్రశ్న' అంటే ఏం పోయింది? మన దేశంలో చాలామంది రమలజ్ఞులు ఇసుక మానేసి, రెండు చువ్వలకు నాలుగేసి పాచికలు గుచ్చి దొర్లిస్తారు కదా అంటారేమో. అప్పుడు రమలమే నయం.