జపాన్ విద్యాయాత్రకు పిల్లలను తీసుకువెళుతున్న అధ్యాపకురాలికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

ఆశీస్సులు. వచ్చే అక్టోబరు చివర మీ ఆర్కిటెక్చర్ కళాశాల విద్యార్థులు ఇరవై మందిని వెంటబెట్టుకుని పది రోజుల జపాన్ యాత్రకు బయలుదేరుతున్నావని, ప్రణాళిక చూసి ఉన్నదున్నట్టు చెప్పమని రాశావు. విద్యార్థి బృందాలతో ఆ దేశం తిరిగినవాడిగా నాకు తెలిసినది నీకు చెప్పడం నా బాధ్యత.

నువ్వు పంపిన జాబితాలో తొమ్మిది ఊళ్లున్నాయి. నాలుగు కొట్టెయ్యి. టోక్యో, కిసో లోయ, నారా, కోయసాన్, హిరోషిమా ఉంచు. క్యోటోను నారా నుంచి ఒక రోజు వెళ్లి చూసి రండి. 1964లో టోక్యో, ఒసాకాల మధ్య మొదలైన అతివేగ రైలు షింకన్‌సెన్ దూరాలను ఎంతగా తగ్గించిందంటే, ఉదయం ఒక నగరం, సాయంత్రం మరొకటి చూడాలనే ఆశ ఎవరికైనా పుడుతుంది. అయితే ఇరవై మంది గదులు ఖాళీ చేసి, స్టేషన్ చేరి, మళ్లీ కొత్తచోట దిగేసరికి ఒక పూట గడిచిపోతుంది. చదువు కోసం వెళ్లే బృందానికి ఒకే కట్టడం ముందు ఆ పూటంతా కూర్చోవడం వల్ల కలిగే లాభం ఎక్కువ.

టోక్యో గురించి ఎక్కువ చెప్పను. సూచికలన్నీ స్పష్టంగా ఉంటాయి. ఇబ్బందల్లా గుంపుగా తిరగడంతోనే. ఐదుగురికొక జట్టు చొప్పున నాలుగు జట్లు చేసి, ఉదయం తొమ్మిది దాటాకే రైలెక్కించు. షింజుకు స్టేషన్‌కు 200కు పైగా ద్వారాలున్నాయి కనుక, ఏ ద్వారం దగ్గర కలుసుకోవాలో ముందురోజు రాత్రే పేరుతో సహా చెప్పాలి. రైలులో ఫోన్లు మాట్లాడకూడదని, గొంతు తగ్గించుకోవాలని ఇక్కడే అలవాటు చేయించు. వీధుల్లో చెత్తబుట్టలు అరుదు కాబట్టి ప్రతివారి సంచిలోనూ ఒక ఖాళీ కవరు ఉండాలి.

టోక్యో వదిలే ఉదయం పెద్ద పెట్టెలను తక్యుబిన్ అనే సామాను రవాణా సేవ ద్వారా నేరుగా నారా బసకు పంపించు. హోటల్ కౌంటర్ దగ్గరే తీసుకుంటారు, సాధారణంగా మరునాటికి చేరుస్తారు. ఒక రాత్రికి సరిపడే బట్టలు వీపున వేసుకుని కిసో లోయకు వెళ్లండి. ఒకప్పుడు ఎడోను (నేటి టోక్యోను) క్యోటోతో కొండల మీదుగా కలిపిన నకసెన్దో బాటలో మగొమె నుంచి త్సుమగొ దాకా ఉన్న ఎనిమిది కిలోమీటర్లూ నడిపించు. మగొమె వైపు నుంచి మొదలుపెడితే ఎక్కాల్సిన ఎత్తు తక్కువ. ఎలుగుబంట్లు దూరంగా పోవడానికి దారిలో అక్కడక్కడ గంటలు కట్టి ఉంటాయి. వాటిని తప్పక మోగించాలి. ఆ అడవిలోని హినోకి చెట్లను దొంగతనంగా కొడితే తల తీసేంత కఠినమైన శాసనాలు ఎడో కాలంలో ఉండేవి. ప్రతి 20 ఏళ్లకొకసారి కొత్తగా నిర్మించే ఇసె ఆలయానికి కలప ఈ లోయ నుంచే వెళుతుంది. క్రితంసారి నిర్మాణం 2013లో పూర్తయింది. ఈ సంగతి తెలిసి నడిచే విద్యార్థికి చెట్టుకూ కట్టడానికీ ఉన్న సంబంధం కళ్ల ముందు కనిపిస్తుంది.

త్సుమగొ చేరాక వాళ్లను వెంటనే ఫొటోలకు వదలకు. తమ ఇళ్లను అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అని ఆ ఊరివాళ్లు 1971లో కట్టుబాటు చేసుకున్నారు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగా కూలిపోతుంటే చూస్తూ పెరిగిన మన పిల్లలు ఆ కట్టుబాటు ఎలా నిలబడిందో అడిగి తెలుసుకోవాలి. ఆ సాయంత్రానికి ఇంతకు మించిన పాఠం వేరే అక్కర్లేదు.

నారాలో తోదైజి ఆలయానికి ఒక పూర్తి రోజు కేటాయించు. 1199లో మళ్లీ నిలబెట్టిన దక్షిణ మహాద్వారం కింద పిల్లలను నిలబెట్టి తల పైకెత్తి చూడమను. ఆ ద్వారానికి 18 స్తంభాలు. అడ్డదూలాలు స్తంభాలను తొలుచుకుని ఇవతలి నుంచి అవతలికి దూరి వాటన్నిటినీ బిగించి పట్టుకుంటాయి. పైకప్పు పలకలు అడ్డులేవు కనుక అతుకులన్నీ కింద నుంచే కనిపిస్తాయి. ప్రతివారూ కనీసం ఒక్క అతుకైనా చేత్తో గీసి తీరాలి. తరువాత లోపలి మహాబుద్ధుని దగ్గరకు తీసుకువెళ్లు. 736లో జపాన్ చేరిన భారతీయ భిక్షువు బోధిసేనుడు 752లో ఈ విగ్రహానికి కుంచెతో కళ్లు దిద్ది నేత్రోన్మీలనం చేశాడు. కుంచెకు కట్టిన నీలి పట్టుతాడును సభలోని వారంతా పట్టుకుని ఆ పుణ్యంలో భాగం పంచుకున్నారు. ఆ కుంచె, ఆ తాడు నేటికీ షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.

కోయసాన్‌లో హోటల్ వద్దు, ఆలయ వసతిలోనే ఉండండి. అక్కడ రాత్రి భోజనం సాయంత్రమే పెట్టేస్తారు, తెల్లవారుజామునే పూజ ఉంటుంది, చలి గట్టిగా ఉంటుంది. 816లో షింగోన్ బౌద్ధ శాఖ గురువు కూకై స్థాపించిన ఈ క్షేత్రంలో, ఓకునోయిన్ అనే శ్మశానవాటిక దారి వెంట దేవదారు వంటి పెద్ద చెట్ల నీడలో 2 లక్షలకు పైగా సమాధులున్నాయి. వాటి మధ్య కనిపించే ఐదంతస్తుల రాతి స్తూపాలను దగ్గరగా పరిశీలించమను: కింద చతురస్రం భూమి, గుండ్రాయి నీరు, ఆపైన అగ్ని, వాయువు, ఆకాశం. వాటి మీద పైనుంచి కిందికి ఖ, హ, ర, వ, అ అనే బీజాక్షరాలు సిద్ధం అనే ప్రాచీన భారతీయ లిపిలో ఉంటాయి. నాగార్జునకొండ పేరుతో ముడిపడిన ఆచార్య నాగార్జునుణ్ణి ఈ షింగోన్ శాఖవారు తమ ఎనిమిదిమంది గురువులలో ఒకరుగా కొలుస్తారు. మన పిల్లలకు ఇది బయలుదేరకముందే తెలియాలి. కూకై సమాధి ముందరి వంతెన దాటాక ఫొటోలు తీయకూడదు. ఈ నియమం ఒక్కరు కూడా తప్పకుండా నువ్వే చూసుకోవాలి.

హిరోషిమాలో మ్యూజియం చూసిన తరువాత ఆ రోజుకు మరే కార్యక్రమమూ పెట్టకు. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు ఆగిపోయిన గడియారాలను, మూడేళ్ల పసివాడి కాలిపోయిన మూడు చక్రాల సైకిల్‌ను చూసి వచ్చిన పిల్లలకు నది ఒడ్డున కొంత సేపు ఊరికే కూర్చునే తీరిక ఉండాలి.

ఇక భోజనం. శాకాహారులు ఎందరో ముందే లెక్క రాసి బసలన్నిటికీ పంపు. కూరగాయల పులుసులా కనిపించేదానిలోనూ ఎండు కత్సువో చేపను చిత్రిక పట్టి కాచిన దాషి ఉంటుంది. కోయసాన్ ఆలయ భోజనంలో మాత్రం చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి ఉండవు. నువ్వులతో చేసే గోమాదోఫు అందరికీ నచ్చుతుంది. మిగతాచోట్ల కందిపొడి ఆదుకుంటుంది. తాజా పండ్లు, పచ్చి కరివేపాకు మాత్రం పెట్టెల్లో పెట్టనివ్వకు.

మందుల విషయం అన్నిటికంటే జాగ్రత్తగా చూడు. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించిన మందులను జపాన్‌లోకి తీసుకువెళ్లడం నిషిద్ధం. మనకు మామూలు జలుబు మాత్ర అనిపించేది అక్కడ నేరం కావచ్చు. ప్రతి విద్యార్థి వెంట తెచ్చుకునే మందుల పేర్లు, వాటిలోని రసాయనాలతో సహా రాయించి, వైద్యునికి చూపించి, సందేహం ఉన్నవాటిని జపాన్ రాయబార కార్యాలయాన్ని అడిగి తేల్చుకో. సవరించిన ప్రణాళికతో పాటు ఆ జాబితా కూడా నాకు పంపితే, టిక్కెట్లు కొనేలోగా రెండూ చదివి నా అభిప్రాయం రాస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే మాస్టారు