యూనియన్ పెట్టబోయే బిడ్డకు

బిడ్డా,

జడ్చర్ల కాడ మీ మందుల కంపెనీల యూనియన్ మాట లేవంగనే ఇద్దరిని వేరే ప్లాంటుకు పంపిన్రని రాసినవు. గాబరా పడకు. యూనియన్ పెట్టినందుకే పంపుతున్నమని ఏ మేనేజ్‌మెంటూ కాయితం మీద రాయదు. లేటుగ వచ్చినవనో, బ్యాచ్ రికార్డు (ఒక్కో విడత మందు తయారీ లెక్క) తప్పు నింపినవనో, అక్కడ మనుషులు తక్కువున్నరనో రాస్తది. అసలు కారణం యూనియనే అని చూపే బరువు మీ మీదనే పడ్తది. అది చూపేది తారీఖులే. ఏండ్ల తరబడి ఒక్క మెమో లేని మనిషికి యూనియన్ లేఖ ముట్టిన వారంలనే మూడు మెమోలు వస్తే, ఆ వరుసను ఏ అధికారీ తీసిపారెయ్యలేడు.

అందుకే యూనియన్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు పడేదాక గుట్టుగ ఉండు, పడ్డనాడే బాహాటంగ చెప్పు. చానామంది దీన్ని ఉల్టా చేస్తరు. ముందుగాల క్యాంటీన్ల, కంపెనీ బస్సుల చెప్పుకుంటరు, దరఖాస్తుకు మాత్రం నెలలు గడుపుతరు. ఆ నడిమి కాలంలనే ముందు నడిచేటోళ్లను ఏరేస్తరు. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సంతకాలు పెడ్తే సాలు గాని, కార్మికులల్ల 10 శాతం మందో, 100 మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలె. 400 మంది ఉన్న కాడ 40 మంది. సరిగ్గ 40తోని పోవద్దు. బెదిరిస్తే పది పదిహేను మంది ఎనక్కి పోతరు, 60 మందిని రాయించుకో. కాంట్రాక్టు వాళ్లను ఇడిచిపెట్టకు, వాళ్లు లేకుంటే బలం సగమే. సభ్యత్వ రసీదు బుక్కు, తీర్మానాల బుక్కు కంపెనీ లాకర్ల పెట్టొద్దు.

దరఖాస్తు కాపీ మీద ముద్ర పడ్డ రోజే ఆఫీస్ బేరర్ల (అధ్యక్షుడు, కార్యదర్శి అసోంటోళ్ల) పేర్లతోని మేనేజ్‌మెంటుకు లేఖ పంపు, ఒక కాపీ మహబూబ్‌నగర్ కార్మిక శాఖ ఆఫీసుకు. ‘ఆయన యూనియన్ల ఉన్నడని మాకు తెల్వదు’ అని రేపు వాళ్లు తప్పించుకోవద్దు గద. రిజిస్టర్డ్ పోస్టును 2025ల స్పీడ్ పోస్టుల కలిపిన్రు, కాబట్టి స్పీడ్ పోస్టులనే పంపి, రసీదు, ముట్టినట్టు చూపే ట్రాకింగ్ ప్రింటు రెండూ దాచు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలల్ల పని చేసే మీ దోస్తులకు ఒక మాట చెప్పు: సిమెంటు తగాదాలు చానా కాలంగ కేంద్ర కార్మిక శాఖ చూస్తున్నది, జిల్లా ఆఫీసు చుట్టు తిరిగి నెలలు పోగొట్టుకోవద్దు.

2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త కార్మిక చట్టం నడుస్తున్నది. దాని రెండో షెడ్యూలు తెప్పించుకొని చదువు. యూనియన్ల చేరితే తీసేస్తమని బెదిరించుడు, యూనియన్ పడే టైముకే జీతాలు పెంచుడు, మేనేజ్‌మెంటే ఒక యూనియన్ పెట్టిచ్చుడు, కక్షతోని బదిలీ చేసుడు, అన్నీ అండ్ల ఉన్నయి. జుర్మానా 10 వేల నుంచి 2 లక్షల దాక. పెద్ద కంపెనీకి అది చాయ్ ఖర్చు. మనకు కావాల్సింది జుర్మానా కాదు, తీసేసిన మనిషి మళ్ల డ్యూటీ ఎక్కుడు. అదే షెడ్యూలుల మన తప్పులు గూడ రాసున్నయి: ఘెరావ్ (అధికారులను చుట్టుముట్టి కదలనియ్యకుండుడు), కావాలని పని నెమ్మది చేసుడు, పనికి పోయేటోళ్లను బెదిరించుడు. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. సూపర్‌వైజరు తల్లిని తిట్టినా చెయ్యి లేపకు. కొట్టిండన్న కేసే మనిషిని శాశ్వతంగ బయటికి తోస్తది, కొందరు తిట్టేదే అందుకు.

ప్రమోషన్‌తోని జర పైలం. సూపర్‌వైజరు పని చేస్తూ నెలకు 18 వేలకు మించి జీతం తీసుకునేటోడు ఆ చట్టం లెక్కల కార్మికుడు కాడు. హోదా పేరు కాదు, చేసే పనే లెక్క అని వాదించొచ్చు, కాని అది కోర్టుల ఏండ్లు పడ్తది. అట్లాంటి లెటర్ వస్తే ఏమేం పనులు చెయ్యాల్నో రాసియ్యమని అడుగు.

గేటు కాడ ఆపుడు అందరికంటె ఎక్కువగ ముంచే ఎత్తు. సెక్యూరిటీ నోటితోని ‘పైనుంచి ఆర్డర్’ అని పంపిస్తడు. పది రోజులకు ‘పనికి వస్తలేవు’ అని ఇంటికి నోటీసు వస్తది. ఆపిన రోజే, ఇంటికి పోకముందే, ఏ షిఫ్టుకు వచ్చినవో, ఎన్ని గంటలకు ఎవరు ఆపిన్రో హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టు, కార్మిక శాఖకు కాపీ. మరుసటి రోజు సుత పో, మళ్ల రాయి. బదిలీ ఆర్డర్ వస్తే గూడ ఇంట్ల కూసోవద్దు, గైర్హాజరు కొత్త నేరమైతది. నియామక పత్రంల బదిలీ షరతు ఉన్నదో లేదో చూసుకొని, ‘అభ్యంతరంతో చేరుతున్న’ అని రాసిచ్చి చేరు, ఇక్కడ తగాదా వెయ్యి.

మెమో తీసుకోనని మొండికెయ్యకు. ‘కాపీ ముట్టింది, ఆరోపణ ఒప్పుకుంట లేను’ అని రాసి సంతకం పెట్టు. తెల్ల కాయితం మీద మాత్రం పెట్టకు, రాజీనామా అట్లనే పుడ్తది. ఎంక్వైరీల సాక్షులను ప్రశ్నించు, ప్రతి పేజీ చదివి సంతకం చేసి కాపీ అడుగు. సస్పెన్షన్ల 90 రోజుల దాక సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం నీ వల్ల కాకుంటే 75 శాతం రావాలె. తీసేస్తే కన్సిలియేషన్ ఆఫీసరుకు (రాజీ కుదిర్చే కార్మిక శాఖ అధికారికి) దరఖాస్తు పెట్టి, 45 రోజులల్ల తేలకుంటే నేరుగ ట్రిబ్యునల్‌కు (కార్మిక తగాదాల కోర్టుకు) పోవచ్చు. తీసేసిన నాటి నుంచి రెండేండ్లే గడువు.

ఇంకోటి, మేనేజ్‌మెంటోళ్లు ఊళ్లె పెద్దమనుషులను మీ నాయిన కాడికి, మామ కాడికి తోలుతరు. నాయినకు, మామకు నువ్వే ముందుగాల విషయం చెప్పి పెట్టు.

బదిలీ అయిన ఇద్దరి ఆర్డర్లు, నియామక పత్రాలు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింట్లు ఈ వారంలనే నాకు పంపు. జిరాక్సులే పంపు, ఒరిజినల్స్ ఇంట్లనే ఉంచమను.

మీ పెదనాయిన