రేకు సొట్ట పోవాలి, పెయింట్ మాత్రం ఉండాలి

ప్రశ్న: సార్, పార్కింగ్‌లో పక్క కారు డోర్ తీస్తుంటే మా డోర్‌కి తగిలి సొట్ట పడింది. పెయింట్ ఏం పోలేదు. వర్క్‌షాప్‌లో అడిగితే పుట్టీ పెట్టి డోర్ మొత్తం పెయింట్ కొట్టాలంటున్నారు. పెయింట్ జోలికి వెళ్ళకుండా తీస్తారని విన్నాను, నిజంగా అవుతుందా?

జవాబు: అవుతుందండి, మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీ డోర్ దానికి సరిగ్గా సరిపోయే కేసు, కాబట్టి పెయింట్‌కి అప్పుడే ఒప్పుకోకండి. నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే కంపెనీలో బాడీకి పెయింట్ వేసేటప్పుడు లోపల సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ ఏమీ ఉండవు, ఉత్త రేకే ఉంటుంది, అందుకని 140 డిగ్రీల దాకా, అడుగు ప్రైమర్‌నైతే ఇంకా ఎక్కువ వేడిలో కాలుస్తారు. బయట వర్క్‌షాప్‌లో తయారైన కారుని అంత వేడిలో పెట్టలేరు, అందుకే 60 డిగ్రీల చుట్టుపక్కల ఆరే పెయింట్ వాడతారు. ఎంత మంచి పనివాడు కొట్టినా అది వేరే పెయింటే. ఒక్కసారి గీకేశాక కంపెనీ పెయింట్ మళ్ళీ రాదు.

ఇక తీసే పద్ధతి. డోర్ లోపలి ట్రిమ్, అంటే లోపలివైపు ఉండే ప్లాస్టిక్ కవర్ విప్పో, అద్దం దిగే సందులోంచో ఒక సన్నటి వంపు రాడ్ లోపలికి పంపి, సొట్ట వెనక రేకుని కొంచెం కొంచెంగా నెడతారు. బయట గీతల లైట్ బోర్డు పెడతారు, రేకు సాఫీగా ఉన్నచోట ఆ గీతలు తిన్నగా కనపడతాయి, సొట్ట ఉన్నచోట వంకర పోతాయి, పనివాడు రేకుని కాదు ఆ గీతల్నే చూస్తూ పనిచేస్తాడు. లోపల్నుంచి చెయ్యి పెట్టే దారి లేకపోతే బయటి నుంచి గ్లూతో ప్లాస్టిక్ ట్యాబ్ అతికించి లాగుతారు, తర్వాత ఆల్కహాల్ రాస్తే గ్లూ ఊడొస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే సొట్ట అంటే గుంట ఒక్కటే కాదు. మధ్యలో రేకు దిగినప్పుడు చుట్టూ అంచు కొద్దిగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బే గుంటని పైకి రానివ్వకుండా పట్టుకుని ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ మొన ఉన్న పనిముట్టుతో అంచుని మెల్లగా తట్టి దించుతూ మధ్యని పైకి తేవాలి. ఇంట్లో వెనక నుంచి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే గుంట పోదు సరికదా మధ్యలో మొటిమలా ఒక పొక్కు లేస్తుంది, రేకు సాగిపోతుంది, ఆ తర్వాత ఎవరికిచ్చినా కష్టమే. దయచేసి సుత్తి వాడొద్దు.

సైజు చూసి భయపడొద్దు. అరచేతి అంత వెడల్పున్నా లోతు లేకుండా గుండ్రంగా ఉంటే తేలిగ్గా వచ్చేస్తుంది, గోరంత ఉన్నా పదునుగా మడత పడిందంటే రేకు అక్కడ సాగిపోయి ఉంటుంది, పూర్తిగా రాకపోవచ్చు. ప్యానెల్ అంచు మీద, బాడీ లైన్ (డిజైన్ కోసం రేకులో తీర్చిన మడత గీత) మీద, రెండు పొరల రేకు ఉన్నచోట పడినా అంతే. అల్యూమినియం బానెట్ అయితే ఇంకా మొండిది. మ్యాగ్నెట్ అంటుకోకపోతే అల్యూమినియమో ప్లాస్టిక్కో అని అనుకోవచ్చు.

ప్రశ్న: హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి వెంటనే ఐస్ పెడితే సొట్ట టప్‌మని బయటికొస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. ట్రై చెయ్యమంటారా?

జవాబు: వద్దండి. లెక్క చూడండి, స్టీల్ ఒక డిగ్రీ వేడికి మీటరుకి 12 మైక్రాన్ల దాకా సాగుతుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 10 సెంటీమీటర్ల సొట్టకి 60 డిగ్రీల తేడా ఇచ్చినా మారేది 70 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందం. శాశ్వతంగా వంగిపోయిన రేకుని అది తిప్పలేదు. మామూలు ఐస్ బదులు డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ వాడదామనుకుంటే, అది మైనస్ 78 డిగ్రీలుంటుంది, వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టు అయిపోతుంది, వేడి పెయింట్ మీద పెడితే పెయింట్‌కీ దెబ్బే. వెడల్పుగా, లోతు లేకుండా, వేలితో నొక్కితే టక్కుటక్కుమని ఆడే సొట్టకైతే సక్షన్ కప్ ట్రై చెయ్యొచ్చు, గుంట చాలావరకు పైకొస్తుంది, చుట్టూ అంచు మాత్రం కొంచెం మిగిలిపోవచ్చు.

ప్రశ్న: వెనక బంపర్ లోపలికి పోయింది. వేడినీళ్ళు పోస్తే చాలంటున్నారు?

జవాబు: ఇది మాత్రం నిజం, ఎందుకంటే బంపర్ ప్లాస్టిక్, వేడికి మెత్తబడుతుంది. మరిగిన నీళ్ళు మెల్లగా పోస్తూ, మందపాటి గ్లోవ్స్ వేసుకుని వెనక నుంచి నెట్టండి, షేప్‌కి రాగానే చన్నీళ్ళు పోస్తే అక్కడే గట్టిపడుతుంది. హీట్ గన్ మాత్రం అనుభవం లేనివాళ్ళు పట్టుకోవద్దు, క్షణాల్లో పెయింట్ బుడగలొస్తాయి. మడత దగ్గర పెయింట్ పగిలి ఉంటే ఆ గీత అలాగే ఉండిపోతుంది. బంపర్ వెనక రాడార్ గానీ పార్కింగ్ సెన్సర్ గానీ ఉన్న కారైతే దెబ్బకి అవి కదిలాయేమో చెక్ చేయించండి, షేప్ వచ్చేసిందని వదిలెయ్యొద్దు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఫెండర్‌కి (ముందు చక్రం పైనుండే రేకు) ఇదివరకే పెయింట్ వేసినట్టుంది. దానికీ గ్లూతో లాగొచ్చా?

జవాబు: ముందు పెయింట్ మందం కొలిపించండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, దానికి బాగా మించి చూపిస్తే మళ్ళీ వేశారని, మరీ ఎక్కువైతే కింద పుట్టీ ఉందని అర్థం. పుట్టీ ఉంటే గ్లూ లాగితే పెయింట్ పొరలు పొరలుగా ఊడొచ్చే ప్రమాదం ఉంది, రాడ్‌తో నెట్టినా పుట్టీ పగులుతుంది. ఈ విషయం పనివాడికి మీరే ముందుగా చెప్పండి, దాచి లాభం లేదు.

ప్రశ్న: సొట్ట మధ్యలో గోరు పెడితే తట్టుకుంటోంది. ఏం చెయ్యాలి?

జవాబు: అక్కడ పెయింట్ పగిలిందన్నమాట. ఈ పద్ధతితో షేప్ వస్తుంది, పగులు పోదు. రేకు కనిపిస్తుంటే తుప్పు పట్టకుండా వెంటనే శుభ్రం చేసి టచప్ పెయింట్ పెట్టండి. ఇంకొకటి, రాడ్ దూర్చడానికి దారి లేదని కొందరు లోపలివైపు కన్నం వేస్తామంటారు, మూత పెడతాం ఏం కాదంటారు కానీ ఆ కన్నం అంచున తుప్పు మొదలవుతుంది, కాబట్టి కన్నం వెయ్యకుండా చేస్తారా అని పనికి ముందే అడిగి, ఒప్పుకుంటేనే కారు ఇవ్వండి.