ఎంబీబీఎస్ ఫస్టియర్‌లోనే ‘ఇంటికొచ్చేస్తా’ అంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఫస్టియర్. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) ఇంటర్నల్స్ రెండుసార్లు తప్పింది. రోజూ ఫోన్లో ఏడుస్తోంది, సరిగా తినడం లేదు, ఇంటికొచ్చేస్తానంటోంది. సైకియాట్రీ డాక్టరుకు చూపిద్దామంటే, అది రికార్డుల్లోకెక్కి రేపు డాక్టరుగా పనికిరాదంటారేమోనని మావారి భయం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, వినుకొండ

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం సంగతి చూద్దాం. మీ అమ్మాయికి అందాల్సిన సాయానికి ఇప్పుడు అడ్డం పడుతున్నది అదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టరుది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. మార్కుల మెమోలోనో పట్టాలోనో ఈ మాట ఎక్కడా రాయరు. ఆయనకు ఇది నిదానంగా చెప్పండి.

తనొక్కతే ఇలా ఉందని మీ అమ్మాయి అనుకుంటూ ఉంటుంది. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. అది చేసిన సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్టు డాక్టర్లు నిర్ధారించారని చెప్పారు. అంటే నలుగురిలో ఒకరికి పైనే.

ఇక కాలేజీలో ఎవరి దగ్గరికి వెళ్లాలి? మొదట మెంటార్ దగ్గరికి. విద్యార్థులను కొంతమంది చొప్పున ఒక్కో అధ్యాపకుడికి అప్పగిస్తారు. చాలామంది పిల్లలకు తమ మెంటార్ పేరు కూడా తెలియదు, తెలిసినా మార్కులు తక్కువొచ్చాక మొహం చాటేస్తారు. నిజానికి వెళ్లాల్సింది అప్పుడే. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఎలాగూ ఉంటుంది. రేపు తనకు పాఠం చెప్పబోయే మేడమ్ ముందు కూర్చుని ఏడవడం ఇబ్బందిగా ఉంటే బయటి డాక్టరును చూపించండి, అందులో తప్పేమీ లేదు. అర్ధరాత్రి గుండె బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏడుపు వెనక సీనియర్ల వేధింపు ఏమైనా ఉందేమో కూడా మెల్లగా అడగండి. ఉంటే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522.

‘బతకాలని లేదు’ అన్న మాట ఒక్కసారి వినిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. పక్క గదిలో అమ్మాయిని తోడుండమని, వార్డెన్‌కు చెప్పి, మీరు ఆ రాత్రే బయల్దేరండి.

చదువు విషయానికొస్తే, ఇంటర్నల్స్ తప్పితే దారి మూసుకుపోయినట్టు కాదు. ఏడాది చివర యూనివర్సిటీ పరీక్ష తప్పినా సప్లిమెంటరీ ఉంటుంది, అందులో గట్టెక్కితే తన బ్యాచ్‌తోనే కొనసాగుతుంది. ఫస్టియర్ దాటడానికి మొత్తం 4 అవకాశాలిస్తారు. హాజరు మాత్రం పోగొట్టుకోకూడదు: థియరీకి 75, ప్రాక్టికల్స్‌కు 80 శాతం ఉండాలి. ‘ఓ నెల ఇంట్లో ఉండి రా’ అనేముందు ఆమె హాజరెంతో చూసుకుని, మెంటార్‌తో మాట్లాడండి.

తెలుగు మీడియం పిల్లలను ఏళ్లుగా చూస్తున్నాను. వాళ్లకు సబ్జెక్టు రాక కాదు, వైవాలో (మౌఖిక పరీక్షలో) నోరు పెగలకే ఎక్కువగా తప్పుతారు. ఎముక చేతిలో పెట్టి ‘ఏ పక్కది?’ అంటారు. కుడిదని తెలుసు. ఎందుకు కుడిదో ఇంగ్లిష్‌లో చెప్పమనేసరికి చెయ్యి వణుకుతుంది. ఆ మౌనాన్ని ఎగ్జామినర్ తెలియకపోవడం కింద లెక్కేస్తారు. రోజూ ఓ అరగంట రూమ్మేట్‌కు ఎదురుగా కూర్చుని పైకి చెప్పడం అలవాటు చేసుకోమనండి. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో.

ఈ ఆదివారం మీరిద్దరూ హాస్టల్‌కు వెళ్లండి. నాలుగు రోజులు నిలవుండే పప్పుచెక్కలో, సున్నుండలో పట్టుకెళ్లండి. మార్కుల ఊసెత్తొద్దు. తిన్నాక తను చదువుకునే ఎముకల పెట్టె తెరిచి, ఏదో ఒకటి మీ చేతికివ్వమని, అది కుడిదో ఎడమదో ఎలా తెలుస్తుందో మీకు తెలుగులో చెప్పమనండి. ఎంతసేపు చెప్పినా వినండి.